ఇరవై మూడో ముక్క

మార్చి 3, మంగళవారం

ఈరోజు పనులు: దుప్పట్లు రెండు, గలీబులు నాలుగు ఉతికి ఆరేశాను. వంటింటి కొళాయికి వాషర్ మార్పించాను. కిటికీ అద్దాలు మూడు తుడిచాను, నాలుగోది స్టూలు అందక మిగిలింది. పార్సిలు ఒకటి విప్పాను.

తమ్ముడూ,

ఆ పార్సిలు గురించే ఈ ఉత్తరం. నువ్వు బాగుచేసి పంపిన యాంప్లిఫయర్ క్షేమంగా చేరింది. నువ్వు చుట్టిన తీరు చూస్తే లోపల ఉన్నది పెట్టె కాదు, పసిబిడ్డ అనుకోవాలి. పాత దినపత్రికలే ముప్ఫై ఆరు లెక్కపెట్టాను. అన్నీ మడిచి అలమరలో పెట్టాను, పనికొస్తాయి. విప్పిన పాత భాగాల డబ్బీ కూడా చేరింది.

అరలో పాత చోటే పెట్టి, తుడిచి, తీగలు తగిలించి, నాబ్‌లన్నీ నా గుర్తుల ప్రకారం ఎప్పటిలాగే సర్దాను. మీ బావ వచ్చేసరికి అంతా సిద్ధం.

అయిదున్నరకి వచ్చారు. నీకు తెలుసుగా, రోజంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. ఇంటికొచ్చాక ఒక గంట ఆ కుర్చీలో కూర్చుని పాట వింటే గానీ ఆయన ముఖంలోంచి అచ్చుతప్పులు పోవు. నెల రోజులుగా ఆ గంట లేదు. చొక్కా కూడా మార్చకుండా ఆ వయొలిన్ రికార్డు పెట్టారు.

అయిదు నిమిషాలు విన్నారు. లేచారు. కుర్చీ కుడివైపు జరిపి మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ లేచారు. తర్వాత ఆపేసి, "మీ ఇంజనీరుగారు దీన్నేం చేశారు?" అన్నారు. పాటంతా ఎడమ గోడకి జారిపోయిందట. వయొలిన్ సూదిలా గుచ్చుతోందట. వెనక డ్రమ్ము డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుందట. నాకు అంత తెలియదు కానీ, పక్కగదిలో గలీబులు మడుస్తుంటే నాకూ చెవిలో ఏదో గరగరగానే ఉంది.

నేను ఫోన్ చేయకుండా రాయడానికి కారణం, ఫోన్ ఆ కుర్చీ పక్కనే ఉంది.

ఇది ఊరికే వదిలేసే విషయం కాదు. ఇరవై రెండో తారీకు ఆదివారం సంగీత పాఠశాల ప్రిన్సిపాలుగారు మా ఇంటికి వస్తున్నారు. వాళ్ళ బళ్ళో ఉన్న పద్నాలుగు యాంప్లిఫయర్లు చూసుకోవడానికి మనిషి కావాలంటే నీ సంగతి చెప్పింది మీ బావే. "అయితే నీ బావమరిది బాగుచేసింది ఒకటి వినిపించు, విని చెప్తాను" అన్నారాయన. ఆయన వినబోయేది దీన్నే. మీ ఓనరు నెలాఖరుకి దుకాణం మూసేస్తున్నాడని నువ్వే రాశావు.

ఏం చూడాలో రాయి. నేను చూస్తాను.

నీ అక్క

మార్చి 6

అక్కా,

నీ ఉత్తరం పనిబల్ల మీదే చదివాను. పక్కన ఒకాయన తెచ్చిన రేడియో ఉంది, దాంట్లో చీమలు కాపురం పెట్టాయి. నిన్నటి నుంచి ఖాళీ చేయిస్తున్నాను, అద్దె కట్టిన వాళ్ళలా కదలడం లేదు. దుకాణంలో సగం అరలు అప్పుడే ఖాళీ. కూర్చునే కుర్చీ కూడా ఓనరు ఎవరికో ఇచ్చేశాడు, నిలబడే పని.

బావ అన్న మూడు మాటలూ మూడుసార్లు చదివాను. పెట్టెని ఇక్కడ ఆరు రోజులు నడిపాను. మీటరు పెట్టి చూశాను, కళ్ళు మూసుకుని విన్నాను. కుడీ ఎడమా రెండూ తక్కెడలా సమానం. ఎండిపోయిన కెపాసిటర్లు ఇరవై రెండు తీసి కొత్తవి వేశాను. మార్చినవాటి చిట్టా పాత భాగాల డబ్బీలోనే పెట్టాను. ఇన్నేళ్ళలో ఆ పెట్టె ఇంత బాగా పలకలేదు, అది నా పట్టుదల కాదు, మీటరు చెప్పిన మాట.

అయినా చూడు. ఒకటి, స్పీకరు తీగలు ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి ఉన్నాయా? రెండు, స్పీకర్లు ఎవరైనా జరిపారా? మూడు, నాబ్‌లన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయా? ఇవి సరిగ్గా ఉంటే ఇరవై గంటలు నడవనివ్వండి. కొత్త కెపాసిటర్లు కొత్త చెప్పుల్లాంటివి, కాస్త తిరిగితే గానీ కరవడం మానవు.

ఇంజనీరుగారు అన్నది బావ వెటకారమే అని తెలుసు. అయినా పరవాలేదు, ఆ మాట ఇంకెవరూ అనరు నన్ను.

తమ్ముడు

మార్చి 11, బుధవారం

ఈరోజు పనులు: బియ్యం ఏరాను. బీరువా కింది అర సర్ది, తెగిన బొత్తాలు ఏడు కుట్టాను. నాలుగో కిటికీ అద్దం తుడిచాను. యాంప్లిఫయర్ అయిదు గంటలు నడిపాను, శనివారం నుంచి మొత్తం ఇరవై.

తమ్ముడూ,

నువ్వు చెప్పినవన్నీ చూశాను. తీగలు రంగుకి రంగు సరిపోయాయి. స్పీకర్లు జరగలేదు, కింద నేల మీద పడ్డ ముద్రలు కూడా కొలిచాను. నాబ్‌లు ఒక్కోటీ కచ్చితంగా ఉండాల్సిన చోటే ఉన్నాయి, గోరంత తేడా లేదు. ఆ విషయంలో నా మీద అనుమానం పెట్టుకోకు.

ఇరవై గంటలూ ఎలా గడిచాయో అడక్కు. మీ బావ కూర్చోరు. పది నిమిషాలకోసారి లేచి రికార్డు మారుస్తారు, స్పీకరు ముందు వంగుతారు, వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగుతారు, దాహం లేదు. నిన్న కుర్చీని గదిలో నాలుగు మూలలకీ మోశారు. కింది వాటావాళ్ళు పైకొచ్చి "సామాన్లు సర్దుతున్నారా, ఇల్లు మారుతున్నారా?" అని అడిగారు. ఆయన తిరుగుతుంటే నాకూ కాలు నిలవడం లేదు. నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

ఇంకొక సంగతి. నీ డబ్బీ విప్పి చిట్టాతో సరిచూశాను. చిట్టాలో ఇరవై రెండు. డబ్బీలో ఇరవై మూడు ముక్కలు ఉన్నాయి. ఆ ఒక్కటీ ఏమిటి? ఈ మాట మీ బావ ముందు అనకుండా ఉండాల్సింది, నోరు జారింది. ఆయన వెంటనే, "అదీ సంగతి. చిట్టాలో లేని చెయ్యి కూడా పెట్టాడన్నమాట. పాత సరుకు గట్టిది, చెప్పకుండా ఇంకేవో కూడా తీసి ఎవరికో వేసి, మనకి చౌకది పెట్టుంటాడు" అన్నారు. నేను, "మా తమ్ముడు అలాంటి పని చేయడు" అన్నాను. "చేయడని నేనూ అనుకునేవాణ్ణి" అన్నారు.

అలా అనిపించుకుని నేను కూర్చోలేను. నా పుస్తకంలో 'రావలసినవి' పేజీలో రాసి పెట్టాను: తమ్ముడు, ఒక ముక్క, లెక్క తేలలేదు. ఏమిటో రాస్తే కొట్టేస్తాను.

నీ అక్క

మార్చి 13

అక్కా,

ముక్కలు ఇరవై రెండే. నీ లెక్కే ఎక్కడో తప్పింది.

పాత సరుకు తీసి అమ్ముకున్నానని బావ అన్నాడా? ఎండిపోయిన కెపాసిటర్లు కొనేవాడు ఎక్కడున్నాడో చెప్పమను, నేనూ వెతుకుతున్నాను. దుకాణం నిండా ఉన్నాయి, అమ్మేసి మేడ కడతాను. ఆరు రోజులు నా పనులన్నీ పక్కన పెట్టి, నా చేతి డబ్బులతో సామాను కొని చేశాను. ఎందుకు చేశానో ఆయనకి తెలియదు, తెలియక్కర్లేదు కూడా. నచ్చకపోతే తూకానికి అమ్మేసుకోమను.

ప్రిన్సిపాలుగారికి నేనే రాసేస్తాను, నాకు ఆ పని వద్దని. ఆదివారం ఆయన వచ్చి మీ ఇంట్లో కూర్చుని, బావ ముఖం చూసి నా పని ఎలాంటిదో తేల్చుకునే అవస్థ ఆయనకీ వద్దు, నాకూ వద్దు. ఇంకో ఊళ్ళో ఫ్యాన్లు చుట్టే పని ఉందట.

తమ్ముడు

మార్చి 16, సోమవారం

ఈరోజు పనులు: ఏమీ సరిగ్గా కాలేదు. ఉతికినవి పది, ఇస్త్రీ అయినవి నాలుగు. ఒక చొక్కా చెయ్యి మాడింది.

తమ్ముడూ,

నువ్వు నన్ను ఏమన్నా పడతాను, లెక్క తప్పిందంటే పడను. ఇరవై మూడే. మూడుసార్లు లెక్కపెట్టాను, ఒకసారి బల్ల మీద వరసగా, ఒకసారి గిన్నెలో వేస్తూ, ఒకసారి గిన్నెలోంచి తీస్తూ. ఇరవై రెండు గుండ్రటి డబ్బీల్లా ఉన్నాయి. ఇరవై మూడోది వేరు. బియ్యపు గింజకి రెండింతలు ఉంటుందేమో, ఒంటి నిండా రంగు గీతలు, రెండు వైపులా తీగ కాళ్ళు. ఆ కాళ్ళకి ముద్దముద్దగా అంటిన టంకం. మిగతావాటి కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. దాన్ని అతికించినవాడు ఎవడో గానీ చేతకానివాడు.

నిన్న మీ బావ దాన్ని అరచేతిలో వేసుకుని, ప్రూఫులు చూసే భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. "ఊఁ" అన్నారు, అంతే. చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు. ఎప్పుడూ అలా వెళ్ళరు. వచ్చాక పాట పెట్టలేదు. "మీ వాడు ఏమన్నా రాశాడా?" అని మాత్రం అడిగారు. నీ పదమూడో తారీకు ఉత్తరం చూపించలేదు, ఆ తూకం మాట ఉంది కాబట్టి.

ఇంట్లో మనిషి అరిస్తే నాకు భయం లేదు. ఇలా ఊరికే నడుస్తుంటేనే భయం. ఆ కుర్చీ ఇప్పుడు గది మధ్యలో ఉంది. దాని చుట్టూ తిరిగి నేను ఊడుస్తున్నాను.

నాబ్‌ల మాట నువ్వు అడిగావు కాబట్టి, నేను ఎంత జాగ్రత్తగా ఉంటానో నీకు తెలియాలని రాస్తున్నాను. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక శుక్రవారం దుమ్ము తుడుస్తూ ఒక నాబ్ కదిపేశాను. మీ బావ సాయంత్రం గంటసేపు దాన్ని వెతుక్కున్నారు. ఆ రోజే ప్రతి నాబ్ దగ్గరా ఆయన పెట్టుకున్న చోట గోళ్ళ రంగుతో ఎర్రచుక్క పెట్టాను. ప్రతి శుక్రవారం నాబ్‌లు లాగి తుడిచి మళ్ళీ చుక్క మీదికి తిప్పి పెడతాను. బ్యాలెన్స్ చుక్క అప్పటి నుంచీ ఒక్కటే, బాగా ఎడమకి. బాస్ చుక్క మూడుసార్లు మారింది, ట్రెబుల్ చుక్క రెండుసార్లు, మారినప్పుడల్లా పైకే. మీ బావ ఏ ఏడు ఎంత పెంచారో తారీకులతో నా పుస్తకంలో ఉంది. నీ పార్సిలు చేరిన రోజు కూడా అన్నీ ఆ చుక్కల మీదే పెట్టాను. ఇప్పుడు చెప్పు, లెక్క తప్పేది నేనా?

ప్రిన్సిపాలుగారికి ఏమీ రాయకు. ఆదివారం దాకా ఆగు. ఆ ముక్క ఏమిటో నాకు చెప్పు, నేను ఎవరికీ చెప్పను.

నీ అక్క

మార్చి 18

అక్కా,

ఇది అందగానే చదువు. పని మధ్యలో ఉంటే ఆపి చదువు.

చుక్కలు. అక్కా, ఆ చుక్కలే.

నాబ్‌లన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయా అంటే, అన్నీ నడిమధ్య ఉన్నాయా అని నా అర్థం. ఉన్నాయన్నావు, నేను నమ్మాను. బావ వాటిని తిప్పి పెట్టుకున్నది పాడైన పెట్టెకి. ఏళ్ళు గడిచేకొద్దీ కెపాసిటర్లు ఎండి బాస్ తగ్గింది, ఆయన పెంచారు. ట్రెబుల్ మందగించింది, పెంచారు. ఎడమ పక్క నీరసంగా ఉంది, బ్యాలెన్స్ ఎడమకి తిప్పారు. ఇప్పుడు రోగం నయమైంది, నువ్వు పాత మందే వారం వారం పోస్తున్నావు. అందుకే పాట ఎడమ గోడకి అంటుకుంది, అందుకే సూదులు, అందుకే రాళ్ళు. మూడూ నడిమధ్యకి తిప్పు. అంతే. నీ చుక్కలు కాస్త వంకరగా ఉన్నా నా బతుకు బాగుండేది, నువ్వేమో గోరంత తేడా రానివ్వవు.

నీ లెక్క తప్పలేదు. ఇరవై మూడే. అబద్ధం ఆడాను.

మీ ఇంట్లో ఉండి చదువుకునే రోజులు, నాకు పదిహేడు. నువ్వు బజారుకి వెళ్ళావు, బావ ప్రెస్సుకి. లోపల ఏముందో చూడాలని యాంప్లిఫయర్ మూత విప్పాను. స్క్రూడ్రైవర్ జారి ఒక రెసిస్టర్ విరిగింది. పాత రేడియోలోంచి చూడ్డానికి అలాగే ఉన్నది ఒకటి తీసి, పక్కింటి వాళ్ళ సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చి అతికించాను. వేలు కాల్చుకున్నాను. పలికింది గానీ ఎడమ పక్క గొంతు సగానికి పడిపోయింది. ఆ ముక్క విలువ వేరని అప్పుడు నాకు తెలియదు. మూత బిగించి గుమ్మం పక్కన నిలబడ్డాను. బావ వచ్చారు, పాట పెట్టారు. రెండు నిమిషాలకి లేచి ఒక నాబ్ తిప్పి మళ్ళీ కూర్చున్నారు. ఏమీ అనలేదు. గమనించలేదులే, బతికిపోయాను అనుకున్నాను.

ఇప్పుడు మూత తీస్తే ఆ ముక్క అక్కడే ఉంది, నేను పెట్టిన టంకం ముద్దతో సహా. సరైనది వేశాను. చిట్టాలో రాయడానికి చెయ్యి రాలేదు. డబ్బీలో పడేశాను, నువ్వు లెక్కపెడతావని మర్చిపోయాను. నా పని అంతా ఆ రోజు నుంచి పుట్టిందే, ఆ రోజు సంగతే ఎవరికీ చెప్పలేదు.

బావ ఇంట్లో లేనప్పుడు నాబ్‌లు తిప్పేయ్. కొత్త చెప్పులు కరవడం మానేశాయని చెప్పు. ఆ ముక్క పారేయ్. ప్రిన్సిపాలుగారికి రాసిన ఉత్తరం జేబులో ఉంది, ఇంకా పోస్టు చేయలేదు. శనివారం దాకా చూస్తాను.

తమ్ముడు

మార్చి 22, ఆదివారం

ఈరోజు పనులు: ముందుగది ఊడ్చి తుడిచాను. కప్పులు ఆరు తీశాను, మూడే వాడాం. కుర్చీ పాత చోట పెట్టాను. ఎర్రచుక్కలు మూడూ చెరిపాను.

తమ్ముడూ,

నీ ఉత్తరం శుక్రవారం పదకొండింటికి వచ్చింది. అప్పుడు నేను నాబ్‌లు లాగి పళ్ళెంలో పెట్టుకుని తుడుస్తున్నాను. స్టూలు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. రెండు వారాలకి పైగా నిన్ను నిందలపాలు చేసింది నా చేతి గుడ్డా, నా గోళ్ళ రంగూ.

నువ్వు చెప్పినట్టు నడిమధ్యకి తిప్పేయడం నిమిషం పని. తిప్పాను కూడా. మళ్ళీ తీసి చుక్కల మీదే పెట్టాను. నువ్వు ముక్క దాచావు. ఇప్పుడు నేను చుక్కలు దాచాలి. ఒక్క పెట్టె చుట్టూ ఇంకా ఎంతమంది దొంగలు? ఆ సాయంత్రం దాకా నేనూ మీ బావలాగే గదిలో తిరిగాను. గడియారం ఆగిపోయిందేమోనని రెండుసార్లు చూశాను.

ఆయన రాగానే టీ ఇచ్చి, నీ ఉత్తరం చేతిలో పెట్టాను. నిలబడే చదివారు. చదువుతూ చదువుతూ జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి మూడు అక్షరదోషాలు దిద్దారు. అది చూసి నా ప్రాణం కుదుటపడింది. కోపంగా ఉంటే ఆయన తప్పులు దిద్దరు.

"ఆ రోజే తెలుసు" అన్నారు.

"ఏ రోజు?"

"వాడు మూత విప్పిన రోజు. పాట పెట్టగానే ఎడమ పక్క పడిపోయింది. మూతకి ఒక స్క్రూ తక్కువ. వీడేమో గుమ్మం దగ్గర చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. వేలు కాలిందని వాసనే చెప్పింది."

"మరి అడగలేదేం?"

"మీ అమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. ఒక్క మాట అంటే సంచి సర్దుకుని పోయేవాడు. నాబ్ తిప్పితే సరిపోయేదానికి మనిషిని పోగొట్టుకుంటానా?"

పంతొమ్మిదేళ్ళు, తమ్ముడూ. నాకూ చెప్పలేదు. ఆ చుక్క పెట్టింది నేను, ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

నాకు కోపం కూడా వచ్చింది. "అంత పెద్దమనసు ఉన్నవాళ్ళు ఇప్పుడు వాణ్ణి దొంగని చేశారేం?" అని అడిగేశాను.

"మొదట నిజంగానే అనుమానపడ్డాను. అది నా తప్పే" అన్నారు. "ఆ ముక్క భూతద్దం కింద చూశాక తెలిసింది, ఇది ఆనాటిదని. ఇక వాడే చెప్తాడని చూశాను. రోజూ చూశాను. అప్పుడు పిల్లాడు, చెప్పకపోయినా చెల్లింది. ఇప్పుడు పనివాడు. పనివాడు చిట్టాలో రాయకపోతే ఎలా?"

అంటే ఈ వారం గది నిండా తిరిగింది పాట కోసం కాదు, నీ ఉత్తరం కోసం.

తర్వాత ఆయనే వెళ్ళి, "ఏళ్ళుగా ఇక్కడే ఉన్నవి కదా, పెట్టెని అనుమానించాను గానీ వీటిని తిప్పి చూడాలని తట్టలేదు" అంటూ మూడు నాబ్‌లూ నడిమధ్యకి తిప్పారు. ఆ వయొలిన్ రికార్డే పెట్టారు. పాట గోడ దిగి గది మధ్యకి వచ్చి కూర్చుంది. మొదలవడానికి ముందు, విల్లు తీగ మీద ఆనకముందే, వాయించే మనిషి ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇన్నేళ్ళుగా ఆ రికార్డు తుడుస్తున్నాను, ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు. మీ బావ నా వైపు చూశారు. నేనూ కూర్చున్నాను, చేతిలో గుడ్డతోనే. రికార్డు ఒక పక్క మొత్తం అయ్యేదాకా ఇద్దరం లేవలేదు.

అయ్యాక ఆయన లేచి బ్యాలెన్స్ నాబ్ కొంచెం ఎడమకి తిప్పారు. "నడిమధ్య ఉండాలని రాశాడు కదండీ" అన్నాను. "పంతొమ్మిదేళ్ళు వంకరగా విన్న చెవి ఒక్కపూటలో నడిమికి రాదు. రోజుకి కాస్త జరుపుతాను" అన్నారు. నేను గోళ్ళ రంగు సీసా తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

ఇవాళ ప్రిన్సిపాలుగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు, కుర్చీ అంచున కూర్చుని విన్నారు. వయొలిన్ రికార్డులో ఆ ఊపిరి దగ్గర చెయ్యెత్తి, "మళ్ళీ పెట్టు" అన్నారు. మళ్ళీ విని, "ఎవరు చెడగొట్టారు, ఎవరు బాగుచేశారు?" అని అడిగారు. మీ బావ టీ కప్పు కింద పెట్టి ఇలా అన్నారు: "బావమరిది ఒక ముక్క పెట్టాడు. మా ఆవిడ చుక్కలు పెట్టింది. నేను నోరు మూసుకున్నాను. ముగ్గురం కలిసి చెడగొట్టాం, వాడొక్కడే బాగుచేశాడు." ఆయన గట్టిగా నవ్వారు. ఏప్రిల్ ఒకటిన రమ్మన్నారు, నీ పనిముట్లు నువ్వే తెచ్చుకోవాలట. ఆ పద్నాలుగింటికీ ఎవరైనా గోళ్ళ రంగు పూస్తారేమో ముందే చూసుకో.

జేబులో ఉన్న ఆ ఉత్తరం చించెయ్. శనివారం దాకా ఆగుతానన్నావు, శనివారం అయిపోయింది, పోస్టు చేశావేమోనని నాకింకా గుబులుగానే ఉంది. చేసి ఉంటే, అందగానే నీకు తిరిగి ఇచ్చేస్తానని ప్రిన్సిపాలుగారి చేత మాట తీసుకున్నాను. నా లెక్క తప్పిందన్నావు కాబట్టి నువ్వు నాకు ఒక మాట బాకీ. నిన్ను ఇంత తిప్పలు పెట్టాను కాబట్టి నేను నీకు ఒకటి బాకీ. రెండూ ఒకదానికొకటి సరి. ఒకటిన నేరుగా ఇంటికి రా, వేడినీళ్ళు పెట్టి ఉంచుతాను.

ముక్కని పారేయమన్నావు. పారేయలేదు. మీ బావ దాన్ని తన పెన్సిళ్ళ డబ్బాలో వేసుకున్నారు. నా పుస్తకం మాత్రం అడిగి తీసుకుని, పదకొండో తారీకు రాసిన వరస వెతికి, దాని కింద ఎర్ర పెన్సిలుతో ఆయనే రాశారు. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

తమ్ముడు, ఒక ముక్క. పంతొమ్మిదేళ్ళకి ముట్టింది. చెల్లు.

నీ అక్క